సిగ్నల్ సరిగా అందని చోట్ల ఆర్‌వీ కాపురం: వీడియోలు, పోస్టులు ఆగకుండా పెట్టడం ఎలా

అమెరికాలో ఆర్‌వీలోనే (ఇల్లులా అమర్చిన పెద్ద బండి) కాపురం ఉంటూ, ఆ తిరుగుడంతా తెలుగులో వీడియోలుగా పెట్టాలనుకునేవాళ్లు కెమెరా గురించి నెలల తరబడి ఆలోచిస్తారు. అప్‌లోడ్ గురించి ఎవరూ ఆలోచించరు. నెవాడా ఎడారిలోనో, దక్షిణ యూటా లోయల్లోనో బండి ఆపాక అసలు సంగతి తెలుస్తుంది. ఫోన్‌లో రెండు గీతలుంటాయి, వాట్సాప్ మెసేజీలు వస్తాయి, యూట్యూబ్ కూడా ఆగి ఆగి ఆడుతుంది. మీ పది నిమిషాల వీడియో మాత్రం తెల్లారేదాకా వదిలేసినా సగం కూడా ఎక్కదు.

దీనికి కారణం సులువే. టవర్ పదుల వాట్లతో ప్రసారం చేస్తుంది, మీ ఫోన్ గరిష్ఠంగా 0.2 వాట్ దగ్గర ఆగిపోతుంది. దూరం పెరిగేకొద్దీ టవర్ చెప్పేది మీకు వినపడుతూనే ఉంటుంది, మీరు చెప్పేది టవర్‌కు అందదు. స్పీడ్ టెస్టులో పైన పెద్దగా కనిపించే డౌన్‌లోడ్ అంకె చూసి సంబరపడొద్దు. మీకు కావాల్సింది దాని పక్కనున్న చిన్న అంకె.

కాబట్టి ముందు రెండు నిర్ణయాలు తీసుకోండి. ఫైలును చిన్నదిగా తయారుచేయడం ఒకటి. మీరు ఎక్కడున్నారన్న దానికీ, వీడియో ఎప్పుడు బయటికొస్తుందన్న దానికీ సంబంధం తెంచేయడం రెండోది. డిష్, రౌటర్, యాంటెనా అన్నీ వీటి తర్వాతే.

మొదటి పని: లెక్క వేసుకోండి

ఇంటర్నెట్ వేగాన్ని బిట్లలో చెబుతారు, ఫైలు సైజును బైట్లలో చెబుతారు. ఎనిమిది బిట్లు ఒక బైటు. ఎంబీలను ఎనిమిదితో గుణించి, మీ అప్‌లోడ్ వేగంతో భాగిస్తే ఎన్ని సెకన్లు పడుతుందో వస్తుంది.

1080పీ వీడియోకు యూట్యూబ్ సూచించే బిట్‌రేటు 8 ఎంబీపీఎస్, అంటే సెకను వీడియోకు 8 మెగాబిట్లు (సెకనుకు 30 ఫ్రేములైతే). ఆ లెక్కన పది నిమిషాల వీడియో 600 ఎంబీ. అప్‌లోడ్ 2 ఎంబీపీఎస్ ఉంటే 40 నిమిషాలు, 1 ఉంటే గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. అదే వీడియోను 4కేలో 40 ఎంబీపీఎస్‌తో తీస్తే 3 జీబీ అవుతుంది. 2 ఎంబీపీఎస్ మీద మూడు గంటల ఇరవై నిమిషాలు, అదీ లైను ఒక్కసారి కూడా తెగకపోతే. తెగకుండా ఉండదు.

వేగం తెలుసుకోవడానికి మాటిమాటికీ స్పీడ్ టెస్ట్ యాప్ నొక్కకండి. మంచి 5జీ దగ్గర ఒక్క టెస్టే వందల ఎంబీ తినేస్తుంది. దానికి బదులు 10 ఎంబీ ఫైలు ఒకటి ఫోన్‌లో ఉంచుకుని, కొత్త చోట దిగగానే గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి గడియారం చూడండి. 40 సెకన్లలో ఎక్కితే 2 ఎంబీపీఎస్. 80 సెకన్లయితే 1. మూడు నిమిషాలు దాటితే అక్కడ వీడియో సంగతి మర్చిపోయి ఫోటోలు, మాటలతో సరిపెట్టుకోవాలి.

రెండో పని: రెండు కంపెనీల సిమ్‌లు

ఒకే కంపెనీ సిమ్‌తో అమెరికా పల్లెల్లో తిరగడం కుదరని పని. వెరైజన్, ఏటీ అండ్ టీ, టీ-మొబైల్ మూడింటిలో రెండైనా ఉండాలి. ఒకటి ఫోన్‌లో, రెండోది హాట్‌స్పాట్ లేదా రౌటర్‌లో. ఒక్కటి గుర్తుంచుకోండి: చవకగా దొరికే చిన్న బ్రాండ్లు దాదాపు అన్నీ ఈ ముగ్గురి టవర్ల మీదే నడుస్తాయి. రెండు వేర్వేరు బ్రాండ్లు కొన్నా వెనకున్న టవర్ ఒక్కటే అయితే డబ్బు దండగ.

ప్లాన్ తీసుకునేటప్పుడు ‘అన్‌లిమిటెడ్’ అన్న మాటను నమ్మి సంతకం పెట్టకండి. ఫోన్‌లో వాడే డేటాకు హద్దు లేకపోవచ్చు కానీ, ఫోన్ నుంచి లాప్‌టాప్‌కు ఇచ్చే హాట్‌స్పాట్ డేటాకు వేరే హద్దు ఉంటుంది. అది దాటగానే చాలా ప్లాన్లలో వేగం 600 కేబీపీఎస్ దగ్గరికి పడిపోతుంది. 600 ఎంబీ ఫైలు ఆ వేగంలో రెండుంబావు గంటలు తీసుకుంటుంది. అందుకే అప్‌లోడ్ వీలైనంతవరకు లాప్‌టాప్ నుంచి కాకుండా ఫోన్ నుంచే చేయండి: తయారైన వీడియోను కేబుల్‌తో ఫోన్‌లోకి మార్చి, యూట్యూబ్ యాప్ ద్వారా ఎక్కిస్తే అది ఫోన్ డేటా కిందికే వస్తుంది.

వెళ్లబోయే చోట ఏ టవర్ అందుతుందో ముందే చూసుకోండి. కంపెనీల మ్యాపుల్లో రంగు పూసి ఉన్న ప్రతిచోటా సిగ్నల్ ఉంటుందనుకోవద్దు, ఆ రంగులు లెక్కల మీద వేసినవి. ఎఫ్‌సీసీ (అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ) నేషనల్ బ్రాడ్‌బ్యాండ్ మ్యాప్, టవర్ల జాగాలు చూపించే సెల్‌మ్యాపర్, క్యాంప్‌గ్రౌండ్ వారీగా ఏ కంపెనీకి ఎన్ని గీతలు వచ్చాయో మనుషులు రాసిపెట్టిన క్యాంపెండియం, ఈ మూడూ కలిపి చూస్తే నిజానికి దగ్గరి చిత్రం వస్తుంది. క్యాంపెండియంలో తారీఖు చూడండి. మూడేళ్ల కిందటి రిపోర్టు పనికిరాదు.

సిగ్నల్ ఉన్నా డేటా నడవని చోట్లు వేరే ఉన్నాయి. జనవరిలో అరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్, జూలైలో యెల్లోస్టోన్‌లోని ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ చుట్టుపక్కల అంతా గీతలు నిండుగా ఉంటాయి, పేజీ తెరుచుకోదు. అక్కడ లోపం దూరానిది కాదు, రద్దీది. దానికి యాంటెనాలు పనిచేయవు, అలారం పనిచేస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి అప్‌లోడ్ పెడితే ఆరు గంటలకల్లా అయిపోతుంది. వెస్ట్ వర్జీనియాలోని గ్రీన్ బ్యాంక్ వైపు వెళ్తే ఏ ఉపాయమూ పారదు. రేడియో టెలిస్కోప్ కోసం 1958లో అక్కడ సుమారు 13,000 చదరపు మైళ్లను రేడియో ప్రసారాల మీద ఆంక్షలుండే ప్రాంతంగా ప్రకటించారు. టెలిస్కోప్ చుట్టుపక్కల సెల్ సిగ్నల్ వెతకడమే వృథా.

మూడో పని: గీతలు కాదు, అంకె చదవండి

ఫోన్‌లో గీతలు ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా చూపిస్తాయి. అసలు కొలత డీబీఎంలో ఉంటుంది. ఐఫోన్‌లో *3001#12345#* డయల్ చేస్తే ఫీల్డ్ టెస్ట్ తెరుచుకుంటుంది. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోని సిమ్ స్టేటస్‌లో కనిపిస్తుంది. అంకె ముందు మైనస్ ఉంటుంది కాబట్టి, మైనస్ పక్కనున్న అంకె ఎంత చిన్నదైతే అంత మంచిది. -90 గానీ ఇంకా మెరుగ్గా గానీ ఉంటే నిశ్చింతగా వీడియో ఎక్కించొచ్చు. -100 నుంచి -110 మధ్య డౌన్‌లోడ్ బాగానే ఉండి, అప్‌లోడ్ ఈడుస్తుంది. -115 దాటితే మెసేజీలు పోతే గొప్ప.

ఈ అంకె చూస్తూ బండి చుట్టూ నడవండి. అల్యూమినియం గోడల బండి లోపలికీ బయటికీ ఐదారు డీబీఎం తేడా రావడం మామూలే. చిన్న గుట్ట ఎక్కితే ఇంకా తేడా వస్తుంది. క్యాంప్‌సైటు ఎంచుకునేటప్పుడే, తాళ్లూ జాకులూ దించకముందే ఈ పని చేయాలి. చదును చేసుకుని, స్లైడ్‌లు (బయటికి జరిగే బండి గోడలు) తెరిచాక ఎవరికీ మళ్లీ కదలబుద్ధి కాదు.

ఇక బూస్టర్ కొనాలా, యాంటెనా కొనాలా అన్నది అందరూ అడిగే ప్రశ్న. రౌటర్ వాడేవాళ్లకు యాంటెనాయే మేలు. ఇప్పటి మోడెములు ఒకేసారి రెండు, నాలుగు యాంటెనాల మీద వేర్వేరుగా డేటా తీసుకుంటాయి. బూస్టర్ మధ్యలో దూరి ఆ దారులన్నిటినీ ఒక్కటి చేసేస్తుంది. అంకె మెరుగుపడి, వేగం తగ్గడం దీనివల్లే. టీఎస్-9 లేదా ఎస్‌ఎంఏ పోర్టులున్న హాట్‌స్పాట్‌కు, లేదా పెప్‌లింక్ లాంటి రౌటర్‌కు, పైకప్పు మీద మైమో యాంటెనా (ఇలా వేర్వేరు దారుల్లో పనిచేసేది) బిగించండి. కేబుల్ 15 అడుగుల లోపే ఉంచండి. పొడవాటి కేబుల్ పెడితే యాంటెనా తెచ్చిన లాభాన్ని ఆ కేబులే మింగేస్తుంది.

బూస్టర్ ఉపయోగపడేది ఫోన్ ఒక్కటే వాడేవాళ్లకు, అదీ సిగ్నల్ బొత్తిగా తక్కువైన చోట. అది ఫోన్ ప్రసారాన్ని పెంచి పంపుతుంది కాబట్టి -115 దగ్గర అప్‌లోడ్ కాస్త కదులుతుంది. బయటి యాంటెనా, లోపలి యాంటెనా దగ్గరదగ్గరగా ఉంటే తన గొంతు తనకే వినపడి కీచుమనే మైకులా బూస్టర్ గొడవపడి, తనంతట తనే శక్తి తగ్గించుకుంటుంది. పైకప్పు మీద ఒక కొస, బండిలో రెండో కొస, ఆ దూరం ఉండాలి. బూస్టర్‌ను మీ సిమ్ కంపెనీ దగ్గర నమోదు చేయించాలన్నది ఎఫ్‌సీసీ నిబంధన. ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని.

నాలుగో పని: స్టార్‌లింక్, దానికి తగ్గ కరెంటు

సెల్ టవర్ అందని చోట మిగిలేది డిష్‌తో శాటిలైట్ ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ వాళ్ల రోమ్ ప్లాన్. అప్‌లోడ్ సాధారణంగా 5 నుంచి 20 ఎంబీపీఎస్ మధ్య వస్తుంది, ఎడారిలో ఇది రాజభోగమే. ప్లాన్ల ధరలూ హద్దులూ తరచూ మారుతుంటాయి కాబట్టి కొనే రోజున వాళ్ల సైటులోనే చూసుకోండి. వాడని నెలల్లో ఆపుకునే వీలు ఎలా ఉందో తప్పకుండా చదవండి.

స్టార్‌లింక్‌ను ఓడించేవి రెండే: చెట్లు, బ్యాటరీ.

డిష్‌కు ఆకాశం విశాలంగా కనిపించాలి. అమెరికాలో అది ఎక్కువగా ఉత్తరం వైపు చూస్తుంది. సైటులోకి బండి వెనక్కి నడపకముందే, ఫోన్‌లో స్టార్‌లింక్ యాప్ తెరిచి అడ్డంకుల స్కాన్ చేయండి. ఉత్తరాన ఒక్క పెద్ద చెట్టున్నా రెండు మూడు నిమిషాలకోసారి లైను తెగుతుంది. సినిమా చూసేవాళ్లకు అది తెలియకపోవచ్చు, అప్‌లోడ్ మాత్రం ప్రతిసారీ తడబడుతుంది. కాలిఫోర్నియా రెడ్‌వుడ్ అడవుల్లో, వాషింగ్టన్ రాష్ట్రపు ఒలింపిక్ ద్వీపకల్పం వైపు, పైకప్పుకు బిగించిన డిష్ దాదాపు అలంకారమే. అలాంటి చోట్లకు డిష్‌ను విడిగా ఉంచి, 50 అడుగుల కేబుల్‌తో ఖాళీ జాగాలో పెట్టుకోవాలి. పైకప్పు మీద శాశ్వతంగా బిగించడం చూడ్డానికి బాగుంటుంది గానీ, ఎండాకాలంలో మీరు నీడ వెతుక్కుంటారు, డిష్ ఎండ వెతుక్కుంటుంది. మా సలహా: బిగించొద్దు.

కరెంటు లెక్క ఇది. స్టాండర్డ్ డిష్ 75 నుంచి 100 వాట్లు తీసుకుంటుంది. ఎనిమిది గంటలు నడిపితే 600 నుంచి 800 వాట్-అవర్లు. 100 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీలో ఉండేది మొత్తం 1,280. ఇన్వర్టర్‌లో పోయే పది, పదిహేను శాతం కలుపుకుంటే, ఒక్క ఇంటర్నెట్టే బ్యాటరీలో సగానికి పైగా తాగేస్తుంది. పైకప్పు మీద పడుకోబెట్టిన 200 వాట్ల సోలార్ ప్యానెల్ చలికాలంలో అరిజోనాలో కూడా రోజుకు సుమారు 500 వాట్-అవర్లే ఇస్తుంది. ఫ్రిజ్, ఫ్యాను, లైట్లు ఇంకా లెక్కలోకే రాలేదు.

అందుకే కరెంటు కనెక్షన్ లేకుండా ఉండేవాళ్లకు స్టార్‌లింక్ మినీ సరైనది. 25 నుంచి 40 వాట్లతో నడుస్తుంది, నేరుగా 12 వోల్టుల డీసీ తీసుకుంటుంది, ఇన్వర్టర్ అక్కర్లేదు. దీనితో అందరికీ వచ్చే చిక్కు ఒకటుంది. సిగరెట్ లైటర్ సాకెట్‌కు పొడవాటి సన్నని తీగ తగిలిస్తే, డిష్ ఎక్కువ కరెంటు లాగిన క్షణంలో అవతలి కొసన వోల్టేజీ 12 కంటే కిందికి జారి, డిష్ ఆగి మళ్లీ మొదలవుతుంది. చాలామంది దాన్ని శాటిలైట్ లోపమనుకుని రోజులు పోగొట్టుకుంటారు. మందు రెండు రకాలు. ఫ్యూజ్ బాక్స్ నుంచి విడిగా 12 గేజ్ తీగ వేసి, 10 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టడం ఒకటి. 12 వోల్టులను 24కో 30కో పెంచే చిన్న స్టెప్-అప్ కన్వర్టర్‌ను బ్యాటరీ దగ్గరే పెట్టి, అక్కడి నుంచి డిష్‌కు తీగ లాగడం రెండోది. మినీ 48 వోల్టుల వరకు తట్టుకుంటుంది. ఎక్కువ వోల్టేజీలో కరెంటు తక్కువ పారుతుంది కాబట్టి తీగలో నష్టమూ తగ్గుతుంది.

రోజంతా డిష్ ఆన్‌లో ఉంచకండి. రోజుకు రెండు గంటలు చాలు, ఎండ బాగా ఉన్న పదకొండు నుంచి ఒంటిగంట మధ్య. ఆ వేళకు బ్యాటరీ నిండుతూ ఉంటుంది. జనరేటర్ మీద ఆధారపడేవాళ్లు వేళలు చూసుకోవాలి. నేషనల్ పార్కుల్లో నిశ్శబ్ద వేళలు సాధారణంగా రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు, జనరేటర్ వేళలు క్యాంప్‌గ్రౌండ్‌ను బట్టి ఇంకా తక్కువ.

డేటా చాటుగా కారిపోయే చోట్లు

మీ ఫోన్, లాప్‌టాప్ హాట్‌స్పాట్‌ను ఇంటి వైఫై అనుకుంటాయి. అదే అసలు ప్రమాదం. ‘వైఫై ఉన్నప్పుడే’ అని పెట్టుకున్న గూగుల్ ఫోటోస్ బ్యాకప్, విండోస్ అప్‌డేట్లు, ఐక్లౌడ్, వన్‌డ్రైవ్ అన్నీ హాట్‌స్పాట్ కలవగానే లేస్తాయి. మీరు వీడియో ఎక్కిద్దామని కూర్చుంటే, మీ కంటే ముందు నిన్నటి 40 జీబీ ఫుటేజీ బ్యాకప్‌లో క్యూ కట్టి ఉంటుంది.

విండోస్‌లో ఆ వైఫై ప్రాపర్టీస్‌లోకి వెళ్లి మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేయండి. ఐఫోన్, మ్యాక్‌లలో లో డేటా మోడ్, ఆండ్రాయిడ్‌లో ఆ నెట్‌వర్క్‌ను మీటర్డ్‌గా మార్చడం. ఫోటోల బ్యాకప్ పూర్తిగా ఆపేసి, ఊళ్లోకి వెళ్లిన రోజునే తెరవండి. పిల్లల ట్యాబ్లెట్లలో యూట్యూబ్‌ను 480పీకి కట్టేయండి. 1080పీలో గంటకు సుమారు ఒకటిన్నర జీబీ పోతుంది, ఆ చిన్న తెరమీద తేడా వాళ్లకూ తెలియదు.

ఐదో పని: తీయడం, కత్తిరించడం, కుదించడం

4కేలో తీయాలనిపిస్తే తీయండి, భద్రపరుచుకోండి. కానీ పైకి పంపేది 1080పీ. కార్డు నిండగానే రెండు ఎస్‌ఎస్‌డీల మీదికి కాపీ చేసి, ఒకటి ఆర్‌వీలో, రెండోది బండి వెనక కట్టి లాక్కెళ్లే కారులో ఉంచండి. రెండూ ఒకే సొరుగులో పెడితే రెండు కాపీలున్నట్టు కాదు.

ఎడిటింగ్ అంతా నెట్ లేకుండా జరగాలి. డావిన్సీ రిజాల్వ్ ఒకసారి దింపుకుంటే ఆఫ్‌లైన్‌లో పనిచేస్తుంది. బ్రౌజర్‌లో నడిచే టూల్స్ మీద అలవాటు పెంచుకోకండి. థంబ్‌నెయిల్ కోసం తెలుగు ఫాంట్లు ముందే దింపి లాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేసుకోండి: రామభద్ర, మండలి, నోటో సాన్స్ తెలుగు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఫోటోషాప్, ప్రీమియర్‌లలో ఒత్తులు విడిపోయి ‘స్త్రీ’ మూడు ముక్కలుగా కనిపిస్తే తప్పు ఫాంటుది కాదు. ప్రిఫరెన్సెస్‌లో టెక్స్ట్ ఇంజన్ ఎంపిక ఉన్న వెర్షన్లలో దాన్ని సౌత్ ఏషియన్‌కు మార్చి, సాఫ్ట్‌వేర్‌ను మూసి తెరవాలి. సంగీతం కూడా అంతే. యూట్యూబ్ ఆడియో లైబ్రరీ నుంచి నలభై యాభై ట్రాకులు ఊళ్లో ఉన్నప్పుడే దింపిపెట్టుకోండి. సినిమా పాట పెడితే కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది, అది వచ్చే సమయానికి మీరు సిగ్నల్ లేని లోయలో ఉంటారు.

కుదించడానికి హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. అందులో హెచ్.265 అనే కుదింపు పద్ధతి ఎంచుకోండి. క్వాలిటీ స్లైడర్ వదిలేసి, యావరేజ్ బిట్‌రేట్ 5,000 కేబీపీఎస్ అని ఇచ్చి, మల్టీ పాస్ (పాత వెర్షన్లలో టూ పాస్) టిక్ పెట్టండి. ఆడియో ఏఏసీ 128 చాలు. క్వాలిటీ స్లైడర్‌తో బొమ్మ ఇంకా బాగా వస్తుందని వాదించేవాళ్లున్నారు. వాళ్ల మాట నిజమే. కానీ స్లైడర్‌తో ఫైలు ఎంతవుతుందో ముందు తెలియదు. కంకర రోడ్డు మీద, గాలికి ఊగే చెట్ల మధ్య తీసిన వీడియో అనుకున్నదానికి రెట్టింపు అయి కూర్చుంటుంది. బిట్‌రేటుతో అయితే పది నిమిషాలకు 375 ఎంబీ, ఆడియోతో కలిపి 385 లోపు అని ముందే తెలుస్తుంది. ఊళ్లో పబ్లిక్ లైబ్రరీ వైఫై మీద, అది మూసేలోపు ఎన్ని వీడియోలు ఎక్కుతాయో దాన్ని బట్టే చెప్పగలం. హెచ్.265 మార్పిడికి లాప్‌టాప్ బాగా వేడెక్కుతుంది, బ్యాటరీ తాగుతుంది. ఆ పని బండి నడుస్తున్నప్పుడు, ఆల్టర్నేటర్ చార్జింగ్ మీద పెట్టుకోండి.

ఆరో పని: అప్‌లోడ్ రోజు

బీఎల్‌ఎం (ఫెడరల్ ప్రభుత్వ భూముల శాఖ) భూముల్లో సాధారణంగా 28 రోజుల్లో 14 రోజులకు మించి ఒకేచోట ఉండనివ్వరు. నీళ్ల ట్యాంకు, మురుగు ట్యాంకు కూడా దాదాపు ఆ లోపే గడువు పెడతాయి. కాబట్టి పది, పన్నెండు రోజులకోసారి ఎలాగూ ఊళ్లోకి వెళ్లాలి: నీళ్లు, డంప్ స్టేషన్ (మురుగు ట్యాంకు ఖాళీ చేసే చోటు), ప్రొపేన్, బట్టలు ఉతకడం. అప్‌లోడ్‌ను ఆ రోజుకే కట్టేయండి. ఉదాహరణకు డెత్ వ్యాలీలో ఫర్నెస్ క్రీక్ దగ్గర దిగినవాళ్లకు సుమారు 60 మైళ్ల దూరంలో నెవాడా వైపు పహ్రంప్ ఊరుంది. ఫర్నెస్ క్రీక్‌లో సిగ్నల్‌తో మూడు రోజులు కుస్తీ పట్టేకంటే పహ్రంప్‌లో మూడు గంటలు కూర్చోవడం నయం. కందిపప్పు, కరివేపాకు కోసం లాస్ వేగాస్‌కో ఫీనిక్స్‌కో వెళ్లే రోజుంటే, 4కే ఫైళ్లన్నీ ఆ రోజుకు దాచుకోండి.

ఊళ్లో మొదట వెళ్లాల్సింది పబ్లిక్ లైబ్రరీకి. కార్డు లేకున్నా వైఫై ఇస్తారు, చాలాచోట్ల మూసేశాక కూడా పార్కింగ్‌లో అందుతుంది. 30 అడుగుల బండితో వెళ్లకండి, లాగే కారులో వెళ్లండి. చిన్న ఊళ్లలో ఆదివారం సెలవు, కొన్నిచోట్ల సోమవారం కూడా, కాబట్టి వేళలు ముందే చూసుకోండి. క్యాంప్‌గ్రౌండ్ వైఫై మీద ఆశ పెట్టుకోవద్దు. వంద బండ్లు ఒకే లైను మీద ఉంటాయి, సాయంత్రం అందరూ సినిమాలు చూస్తుంటారు.

అప్‌లోడ్ చేసే వరుస ముఖ్యం. చిన్న ఫైలు ముందు, పెద్దది తర్వాత. నాలుగూ ఒకేసారి మొదలెడితే నాలుగూ సగంలో ఆగుతాయి. టైటిల్, డిస్క్రిప్షన్, ట్యాగులు ముందే ఒక నోట్‌ప్యాడ్‌లో రాసిపెట్టుకుని అక్కడ అతికించండి. థంబ్‌నెయిల్ 1280 x 720 సైజులో 300 కేబీ లోపు ఉంచండి. మధ్యలో లైను తెగితే కంగారుపడి పేరు మార్చి మళ్లీ మొదలెట్టకండి. 24 గంటల్లోపు యూట్యూబ్ స్టూడియోలోకి వెళ్లి సరిగ్గా అదే ఫైలును ఎంచుకుంటే ఆగిన చోటి నుంచి సాగుతుంది. లాప్‌టాప్ నిద్రలోకి జారకుండా స్లీప్ సెట్టింగ్ మార్చుకోవాలి, సగం అప్‌లోడ్లు ఆగేది దానివల్లే.

ఎక్కిన వీడియోను ప్రైవేట్‌గా ఉంచి, కాపీరైట్ తనిఖీలు పూర్తయ్యేదాకా అక్కడే ఉండి చూడండి. అప్పుడు షెడ్యూల్ చేయండి. ఒక్కసారి షెడ్యూల్ అయ్యాక మీకు నెట్ ఉన్నా లేకున్నా అది దాని వేళకు బయటికొస్తుంది. ఎప్పుడూ రెండు వారాల సరుకు ముందుండాలి. చూసేవాళ్లు ఎక్కువమంది ఇండియాలో ఉంటే శనివారం సాయంత్రం 7 గంటలు మంచి వేళ. చలికాలంలో అది మౌంటెన్ టైమ్‌లో అదే రోజు ఉదయం 6:30, పసిఫిక్‌లో 5:30, ఈస్టర్న్‌లో 8:30. వేసవిలో ఒక్కో గంట కలపండి. అరిజోనా గడియారం మార్చదు, అక్కడున్న నవాహో నేషన్ (నవాహో ఆదివాసీల స్వపరిపాలన ప్రాంతం) మారుస్తుంది. పేజ్, మాన్యుమెంట్ వ్యాలీ ప్రాంతాల్లో వేసవిలో ఫోన్ గడియారం అటూఇటూ దూకుతుంటుంది కాబట్టి షెడ్యూల్ పెట్టేటప్పుడు టైమ్‌జోన్ ఒకటికి రెండుసార్లు చూడండి.

దీనికంటే హాయైన దారి ఇంకొకటుంది. డాలస్‌లోనో హైదరాబాద్‌లోనో ఫైబర్ లైనున్న తమ్ముడో వదినో మీ పని అందుకోవడానికి ఒప్పుకుంటే, యూట్యూబ్ స్టూడియోలో పర్మిషన్స్‌కు వెళ్లి వాళ్లను ఎడిటర్‌గా చేర్చండి. పాస్‌వర్డ్ ఇవ్వక్కర్లేదు. అమెరికాలోనే ఉన్నవాళ్లకైతే ఫుటేజీ ఉన్న మైక్రో ఎస్‌డీ కార్డును పోస్టాఫీసు చిన్న ఫ్లాట్ రేట్ పెట్టెలో పంపేయొచ్చు. రెండు మూడు రోజుల్లో 256 జీబీ చేరుతుంది. అంత వేగం ఏ ఎడారి టవరూ ఇవ్వదు. కార్డు వాళ్లకు చేరి, కాపీ అయిందని ఫోన్ వచ్చేదాకా మీ దగ్గరున్నదేదీ చెరపొద్దు.

బొత్తిగా ఏమీ లేనిచోట

తెలుగు అక్షరాలు కంప్యూటర్‌లో ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటాయి. అయినా మూడు వందల మాటల పోస్టు పది కేబీ చుట్టూనే ఉంటుంది. -115 దగ్గర కూడా అది పోతుంది. దానికి జతగా ఒకే ఒక్క ఫోటో, పొడవు వైపు 1,600 పిక్సెళ్లకు తగ్గించి, జేపెగ్ క్వాలిటీ 80లో పెడితే 300 నుంచి 500 కేబీ. ఫోన్ తీసిన అసలు ఫోటో దానికి పది రెట్లుంటుంది. మాట చెప్పాలనిపిస్తే మోనోలో 64 కేబీపీఎస్ ఆడియో పది నిమిషాలకు 5 ఎంబీ లోపే. బొమ్మ లేకపోయినా గొంతు వింటే చాలనుకునే వీక్షకులు చాలామందే ఉంటారు.

డేటా ఆగిపోయిన చోట కూడా ఎస్సెమ్మెస్ తరచూ పోతుంది. అయితే తెలుగులో ఒక మెసేజీకి 70 అక్షరాలే పడతాయి, ఇంగ్లిష్‌లో 160. గుణింతాలు, పొల్లులు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి 70 అనగానే రెండు వాక్యాలు అనుకోకండి. ఐఫోన్ 14, ఆ తర్వాతి ఫోన్లలో ఐఓఎస్ 18 నుంచి అమెరికాలో శాటిలైట్ ద్వారా మెసేజీలు పంపొచ్చు. అలాంటి మెసేజీ చేరడానికి ఒక్కోసారి నిమిషాలు పడుతుంది కాబట్టి ‘క్షేమం, రేపు ఊళ్లోకి’ అన్నంత పొట్టిగా ఉంచండి. ఇంట్లోవాళ్లకు ముందే ఒక మాట చెప్పి ఉంచాలి: ఎన్ని రోజులు కబురు రాకపోతే కంగారుపడాలి, అప్పుడు ఏ కౌంటీ షెరీఫ్ ఆఫీసుకు ఫోన్ చేయాలి. వీడియోలు షెడ్యూల్ ప్రకారం వస్తూనే ఉంటాయి గనక, వాటిని చూసి మీరు బాగున్నారని వాళ్లు అనుకునే ప్రమాదం ఉంది.

పోస్ట్ చేసే ముందు చూసుకోవాల్సినవి

ఉన్న చోటును ఉన్నప్పుడు చెప్పొద్దు. కదిలి వెళ్లాక చెప్పండి. ఫోటోల్లో ఉండే జీపీఎస్ వివరాలు తీసేసి, నంబర్ ప్లేటు, సైటు నంబరు కనపడకుండా చూడండి. రెండు వారాలు వెనకబడి పోస్ట్ చేసే పద్ధతిలో ఈ జాగ్రత్త దానంతటదే కుదురుతుంది.

నేషనల్ పార్కుల్లో 2014 నుంచి డ్రోన్ ఎగరేయడం నిషేధం. బయట ఎగరేసినా, ఆ వీడియోతో డబ్బు వచ్చేలా ఉంటే ఎఫ్‌ఏఏ (విమానయాన నియంత్రణ సంస్థ) ఇచ్చే పార్ట్ 107 లైసెన్సు కావాలి. 250 గ్రాముల లోపు డ్రోనైతే ఏమీ అక్కర్లేదన్న మాట సరదాగా ఎగరేసేవాళ్ల రిజిస్ట్రేషన్‌కు మాత్రమే వర్తిస్తుంది. మామూలు కెమెరా విషయంలో 2025 జనవరిలో వచ్చిన ఎక్స్‌ప్లోర్ చట్టంతో సులువైంది: చేతిలో పట్టుకునే పరికరాలతో, ఐదుగురికి మించని మనుషులతో, జనం తిరిగే చోట, ఎవరికీ అడ్డం రాకుండా తీస్తే పర్మిట్, ఫీజు అక్కర్లేదు.

మనవాళ్లలో చాలామంది మర్చిపోయేది వీసా. హెచ్-1బీ మీద ఉండి ఆర్‌వీలో తిరుగుతూ ఉద్యోగం చేయడమంటే పనిచేసే చోటు మారడం. కంపెనీ పత్రాల్లో చూపిన మెట్రో ప్రాంతం దాటి పనిచేస్తే, అంతకుముందే సవరించిన పిటిషన్ వేయాల్సి రావచ్చు. 2015లో సిమియో కేసు తీర్పు తర్వాత ఈ నియమం గట్టిపడింది. ఈఏడీ (పనిచేసే అనుమతి కార్డు) లేని హెచ్-4 వాళ్లు, హెచ్-1బీ వాళ్లు యూట్యూబ్ మానిటైజేషన్ బటన్ నొక్కకముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాలి, ఆ డబ్బు అనుమతి లేని సంపాదన కింద లెక్కకు రావచ్చు. పౌరులు కానివాళ్లు అడ్రసు మారిన పది రోజుల్లో ఏఆర్-11 ఫారం పంపాలి. ఇల్లే చక్రాల మీద ఉన్నప్పుడు ఏ అడ్రసు రాయాలన్నది కూడా బయలుదేరకముందే లాయర్‌తో తేల్చుకోండి.